పదకొండు బుధవారాలు

హూడి, బెంగళూరు
15 జూన్ 2025, ఆదివారం

హరిణీ,

నువ్వు వెళ్ళి ఎనిమిది రోజులైంది. ఆనేకల్ హాస్టల్లో ఫోన్లు ఉండవని చేర్చేటప్పుడే చెప్పారు కనుక మనకిక ఉత్తరాలే దారి. ఆదివారం రాసి సోమవారం పొద్దున్నే డబ్బాలో వేస్తే బుధవారానికల్లా అందుతుందని పోస్టాఫీసులో కనుక్కున్నాను. నీకు సెలవుల్లో కూర్చోబెట్టి తెలుగు రాయడం నేర్పిస్తుంటే మీ నాన్న నవ్వేవారు. ఇప్పుడు అదే పనికొస్తోంది.

ట్రంకులో పెట్టినవి మళ్ళీ రాస్తున్నాను, సరిచూసుకో. టవళ్ళు మూడు. కొబ్బరినూనె సీసా ఒకటి, మూత మీద కట్టిన ప్లాస్టిక్ కాగితం పారేయకు. నల్లకారం డబ్బా. కందిపొడి డబ్బా, ఆకుపచ్చ మూతది. దోమల క్రీము రెండు. రోజూ సాయంత్రం ఆరు లోపల రాసుకోవాలి. ఈ ఒక్కటీ మర్చిపోకు.

'అమ్మ సినిమా చూసి నన్ను పంపేస్తోంది' అని మీ నాన్నతో అన్నావట. అలా కాదు, విను. ఏప్రిల్ ఐదున మీ స్కూల్ ఆడిటోరియంలో మీరు తీసిన 'ఐదున్నర' వేశారు. పన్నెండు నిమిషాల సినిమా. అందులో నువ్వు ట్యూషన్ ఐదున్నరకు అయిపోతుందని తల్లికి చెబుతావు. నిజానికది నాలుగున్నరకే అయిపోతుంది. ఆ గంటా మీ క్లాసు ఫయాజ్ బండి వెనక కూర్చుని తిరుగుతావు. తల్లి ముఖం ఎక్కడా చూపించరు. ఒక పుస్తకం, అందులో టైములు రాసే చెయ్యి, అంతే. ఆ పుస్తకం నాది. నా అక్షరాలు గోడంత పెద్దగా కనిపించాయి. అందరూ నవ్వారు. నా పక్కనున్నావిడ కూడా నవ్వి, 'ఏ తల్లో గానీ పాపం' అంది.

'సినిమా అమ్మా' అన్నావు. సరే అనుకున్నాను. ఇంటికొచ్చి నిరుటి పుస్తకం తీశాను. గ్యాస్ సిలిండర్ మార్చిన తేదీ దగ్గర్నుంచి నువ్వు ఇల్లు చేరిన టైము దాకా అందులో ఉంటాయని నీకు తెలుసు. జులై నుంచి అక్టోబరు లోపల పదకొండు బుధవారాలు, ఐదు పదికి రావలసినదానివి ఆరు పదికి వచ్చావు. స్పెషల్ క్లాసన్నావు. బుధవారం ఏ స్పెషల్ క్లాసూ లేదని స్కూల్లో చెప్పారు. సినిమా అబద్ధమంటావు. మరి నా పుస్తకం కూడా అబద్ధమా?

కోపంతో రాయడం లేదు. చదువుకో. లిఫ్టు మళ్ళీ పాడైంది, ఆరో అంతస్తు దాకా మీ నాన్న ఆయాసపడుతూ ఎక్కుతున్నారు.

మీ అమ్మ,
కాత్యాయని


ఆనేకల్
29 జూన్ 2025

అమ్మా,

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ అన్నీ బాగున్నాయి. ఐదింటికి లేపుతారు. ఆరు నుంచి ఎనిమిది వరకు స్టడీ. భోజనం బాగుంటుంది. రూములో ఆరుగురం. అందరూ మంచివాళ్ళు. ట్రంకులో అన్నీ లెక్క ప్రకారం ఉన్నాయి.

ఉత్తరాలు వార్డెన్ మేడమ్ చూశాకే మాకిస్తారు, మావి చూశాకే పంపిస్తారు. మేడమ్‌కి తెలుగు రాదు. అందుకని వంట చేసే లక్ష్మీదేవిగారిని పిలిపించి చదివించుకుంటారు. నీ ఉత్తరం కూడా ఆమే చదివారు. నేను బయట వరండాలో నిలబడ్డాను. కాబట్టి ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

ఒక్కటి అడుగుతాను. ఫయాజ్ వాళ్ళింటికి మాత్రం వెళ్ళకమ్మా.

హరిణి


హూడి
6 జులై 2025, ఆదివారం

హరిణీ,

అన్నీ బాగున్నాయని రాశావు, నిశ్చింతగా ఉంది. నీ ఉత్తరం మీ నాన్నకు పైకి చదివి వినిపించాను. ఆఖరి వాక్యం మాత్రం చదవలేదు. నేను నాలుగుసార్లు చదువుకున్నాను.

నిజం చెబుతున్నాను, ఫయాజ్ వాళ్ళింటికి వెళ్ళాలని నాకు అప్పటిదాకా లేదు. నువ్వు వెళ్ళొద్దని రాశాక వెళ్ళకుండా ఉండలేకపోయాను. దాచడానికి ఏమీ లేకపోతే వద్దని ఎందుకంటావు?

గురువారం పదకొండింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ సమీనాగారు మందుల షాపులో పనికి పోతుంది, ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ అట, ఇంట్లోనే ఉంది. మదనపల్లి వాళ్ళట. ముందు గదిలో కూర్చోబెట్టి టీ పెట్టింది. విషయం చెబితే పకపకా నవ్వింది.

"మావాడా? బండి మీదా? అక్కా, వానికి సైకిలే సరిగ్గా రాదు. మొన్న టమాటాలకు పంపిస్తే తొక్కుకుంటా పోయి తోసుకుంటా వచ్చినాడు."

తల్లులందరూ అలాగే అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను అని చెప్పాను. పదకొండు తేదీలూ, టైములూ ఒక కాగితం మీద రాసి జిరాక్సు తీయించి తీసుకెళ్ళాను. అది ఆమె చేతికిచ్చాను. చూస్తూ చూస్తూ నవ్వు ఆపేసింది. లోపలి నుంచి వాళ్ళాయన వచ్చి కాగితం తీసుకున్నాడు. నిలబడే రెండుసార్లు చదివాడు.

"ఇది ఇంకెవరికైనా ఇచ్చినారా మేడమ్?"

ఇవ్వలేదన్నాను.

"ఇవ్వద్దండి. దయచేసి ఈ వీధిలో ఎవరికీ ఇవ్వద్దండి."

గొంతు పెంచలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. పెద్దమనిషి. గేటు దాకా వచ్చి సాగనంపాడు. తల్లిదండ్రులకు తెలియడం మంచిదే కదా. బయటికొచ్చాక ఒక బరువు దిగినట్టు అనిపించింది.

కరివేపాకు మొక్కకు మళ్ళీ చిగుళ్ళొచ్చాయి. దోమల క్రీము రాసుకుంటున్నావో లేదో నువ్వు రాయలేదు.

మీ అమ్మ,
కాత్యాయని


ఆనేకల్
20 జులై 2025

అమ్మా,

ఇది పెద్ద ఉత్తరం. తప్పులుంటే సర్దుకుని చదువు.

లక్ష్మీదేవిగారు నీ మొదటి ఉత్తరంలో టవళ్ళూ పొడుల దాకే పైకి చదివారట. నిన్న నాకు చట్నీ వేస్తూ మెల్లగా చెప్పారు. "మిగతాదానికి వానలు జాస్తిగా ఉండాయంట, కరివేపాకు బాగుండాదంట అని సెప్పేస్తిని పాపా. మీయమ్మ రాసేది అంతా లెక్కనే ఉండాదే! నువ్వు మనసులో ఉండేది రాసుకో. నా నోట్లో నుంచి ఆ యమ్మకు ఒక మాట పోదు." అందుకే రాస్తున్నాను.

ఆ పదకొండు బుధవారాలూ మేము సినిమా తీశాం. అంతే. నువ్వు రాసుకున్న గంట ఆ సినిమాకే పోయింది. స్కూల్ వెనక, సర్వీస్ రోడ్డులో, చైతు వాళ్ళ ఇంటి మిద్దె మీద. చైతు డైరెక్టరు, నేను రచయిత్రిని. మొత్తం ఎనిమిది మందిమి. తల్లికి అబద్ధం చెప్పే అమ్మాయి గురించి సినిమా తీయడానికి నీకు అబద్ధం చెప్పాను. పరీక్షల సంవత్సరం కదా, చెబితే ఒప్పుకోవని.

కానీ నేను మొదట రాసిన కథ అది కాదమ్మా. ఏడో క్లాసులో నాకు డెంగీ వచ్చింది కదా. రెండు గంటలకోసారి జ్వరం చూసి నీ పుస్తకంలో రాశావు. తొమ్మిది రోజులు రాశావు. ఆ పేజీలు నేను చాలాసార్లు దొంగతనంగా చూశాను. 'గంజి రెండు చెంచాలు తాగింది' అని ఒక చోట ఉంటుంది. పక్కన చిన్న టిక్కు పెట్టావు. సినిమా అంటే నాకు ఆ టిక్కు చూపించాలనిపించింది. అమ్మాయి పడుకుని ఉంటుంది, తల్లి రాస్తూ ఉంటుంది, మాటలు ఉండవు. అందుకే నీ 2022 పుస్తకం నిన్ను అడగకుండా తీసుకెళ్ళాను.

ఫిల్మ్ క్లబ్ సారు చదివి, "గుడ్. కానీ ఇందులో టీనేజర్ ఎక్కడమ్మా? జ్వరం ఎవరికైనా వస్తుంది. నీ కథలో టీనేజ్ అనేది రెండో నిమిషానికల్లా తెలిసిపోవాలి" అన్నారు. వేరే స్కూళ్ళ వాళ్ళకు ప్రైజులు వచ్చిన సినిమాలు ఆరు చూపించారు. ఆరింటిలోనూ బాగా చదివే పిల్లకు కళ్ళజోడు ఉంటుంది, చివర్లో దూకుదామని మిద్దె ఎక్కుతుంది. లావుపాటివాడు చిప్స్ తింటూ ఉంటాడు. తండ్రి పేపరు చదువుతాడు, తల్లి అరుస్తుంది. చెడగొట్టేవాడికి బండి ఉంటుంది. మేమంతా సిలబస్ రాసుకున్నట్టు రాసుకున్నాం. ఆ వారంలోనే కొత్త కథ రాసేశాను. నీ పుస్తకం వెనక్కి పెట్టేద్దామనుకుంటే చైతు, "ఏయ్, పెట్టొద్దు. షూటింగ్‌కి ప్రాపర్టీ సూపర్‌గా ఉంది. నంబర్లే కదా కనపడేది, టైమింగ్స్ అనుకుంటారు" అన్నాడు. నేను సరేనన్నాను. నిన్ను అలాంటి తల్లిని చేసింది నేనే.

ఫయాజ్‌కి బండి రాదు. సమీనా ఆంటీ నీకు నిజమే చెప్పింది. అది చైతు వాళ్ళ అన్నయ్య బండి. వెనక నుంచి ఇద్దరు వంగి తోశారు, మేము స్పీడుగా పోతున్నట్టు జుట్టు కదలాలని మా గ్రూపులోని మౌనిక అట్ట ముక్కతో విసిరింది. ఫయాజ్ నాతో చదువుకున్నాడు, అంతే. ఎప్పుడూ ఒక గజం దూరంగా నిలబడే మాట్లాడతాడు. అతను ఒక్కటే అడిగాడు. "సినిమాలో నా పేరు మార్చండ్రా, ప్లీజ్" అని. చైతు "ఎందుకురా, ఇదైతే రియల్‌గా ఉంటుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వానమ్మా. ఎందుకు అడిగాడో అప్పుడు నాకు అర్థం కాలేదు.

అందుకే వాళ్ళింటికి వెళ్ళొద్దని రాశాను.

సినిమా స్కూల్ యూట్యూబ్ చానెల్‌లో ఉంది. ఏడో నిమిషం నలభయ్యో సెకను దగ్గర ఆపి చూడు.

ఫయాజ్ మన స్కూల్లోనే పదకొండో క్లాసులో చేరాడా? అది మాత్రం రాయి.

హరిణి


హూడి
3 ఆగస్టు 2025, ఆదివారం

హరిణీ,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. మూడు రోజులు ఆగి రాస్తున్నాను.

ఏడో నిమిషం నలభయ్యో సెకను దగ్గర ఆపాను. కళ్ళజోడు తుడుచుకుని చదివాను. 'ఉ. 10-00 – 102.4. మ. 12-00 – 101.8. కొబ్బరినీళ్ళు అర గ్లాసు. 2-00 – 103. తడిగుడ్డ. 4-00 – 102. గంజి రెండు చెంచాలు తాగింది.' టిక్కు కూడా ఉంది. ఆ పేజీ తెర మీద నాలుగు సెకన్లుంది. నేను ఆడిటోరియంలో మూడో వరసలో కూర్చున్నాను. నా చేతిరాత గుర్తుపట్టాను గానీ ఏం రాశానో చదవలేదు. ఆ రోజుల్లో నీకేమైనా అయితే డాక్టరు అడిగినప్పుడు తడబడకూడదని రాశాను. రాస్తుంటే కాస్త నిలదొక్కుకునేదాన్ని. అంతకు మించి అందులో ఏమీ లేదు.

మళ్ళీ మొదటి నుంచి చూశాను. బండికి తాళంచెవి లేదు. మూడో నిమిషంలో దగ్గరగా చూపిస్తారు, ఖాళీ రంధ్రం స్పష్టంగా కనిపిస్తుంది. పాలవాడు అరలీటరు తక్కువ పోస్తే ఆరో అంతస్తు నుంచి కనిపెడతానని మీ నాన్న అంటారే, అలాంటి నాకే ఇది కనిపించలేదు.

ఆ రోజు నన్ను మండించింది నీ గంట కాదు, ఫయాజూ కాదు. అందరూ నవ్వడం. ఇరవై ఏళ్ళుగా ఎవరూ చూడరని రాసుకున్నది చూసి మూడువందల మంది నవ్వారు, నువ్వే చూపించావు. ఆ సంగతి ఒప్పుకోవడం చేతగాక తేదీలు వెతికాను.

మీ నాన్నకు చెబితే "నేను అప్పుడే అన్నాను కదా, సినిమా అని" అన్నారు. నిజమే, అన్నారు. లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా అన్నారు.

నువ్వు అడిగినదానికి జవాబు రాయాలి. శుక్రవారం సమీనాగారింటికి వెళ్ళాను. తలుపు సగమే తెరిచింది. ఫయాజ్ స్కూల్లో చేరలేదు. నేను కాగితం ఇచ్చిన రెండో రోజే జిగణిలో వాళ్ళ మేనమామ దగ్గరికి పంపేశారు. మేకులూ బోల్టులూ చేసే షెడ్డు అట. తప్పు నాదే, సినిమా అని తెలియక వచ్చాను, మన్నించండి అన్నాను. ఆమె ఏమందో మాట మారకుండా రాస్తున్నాను.

"సినిమా అని మాకు ముందే తెలుసక్కా. ఇంట్లోనే చెప్పినాడు వాడు. కానీ చదువుకున్నదానివి, నువ్వే నమ్మితివే! రేపు ఇంకొకరు నమ్మి నలుగురిని పిలుచుకొని వస్తే వాన్ని ఎవురు కాపాడేది? కాగితం మీద తేదీలు కూడా ఉండాయి కదా."

 తలుపు గట్టిగా కూడా వేయలేదు ఆమె, మెల్లగా వేసింది.

నిన్న ప్రిన్సిపాల్‌ను కలిశాను. ఆగస్టు ముప్పయ్యో తేదీ లోపల వస్తే నిన్ను తీసుకుంటామన్నారు. ఫయాజ్‌కి కూడా అడిగాను, సీటుందన్నారు. వాళ్ళింటికి చీటీ రాసి తలుపు కింద పెట్టాను. నువ్వు ఒక్క మాట రాస్తే మర్నాడే బయల్దేరి వస్తాను. ట్రంకు మోయడానికి మీ నాన్నను కూడా తెస్తాను.

అమ్మ


ఆనేకల్
17 ఆగస్టు 2025

అమ్మా,

నేను రాను.

నీ మీద కోపంతో కాదు. కోపం ఉంటే బాగుండేది. నీ ఉత్తరం చదివి స్టడీ అవర్‌లో బెంచీ మీద తలపెట్టి పడుకున్నాను. ఎవరూ అడగలేదు. ఇక్కడ ఎవరు పడుకున్నా ఎవరూ అడగరు, అలవాటు.

ఫయాజ్ రాకుండా నేనొక్కదాన్నే స్కూలుకి వెళితే మా సినిమాలో చివర జరిగినట్టే అవుతుంది. అమ్మాయిని తల్లి క్షమిస్తుంది, అబ్బాయి ఏమయ్యాడో చూపించరు. అతను ఏమయ్యాడని స్క్రిప్టు రాసేటప్పుడు నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. ఎవరూ అడగలేదు కూడా. సినిమాకి జిల్లా స్థాయిలో మూడో బహుమతి వచ్చిందని చైతు ఇక్కడికి కార్డు పంపాడు. మేడమ్ చప్పట్లు కొట్టించారు.

నువ్వు ఒక్కసారి చూసి నమ్మేశావు. నేను చూడకుండానే రాశాను. ఎవరిది ఎక్కువ తప్పో నాకు తెలియదు.

లక్ష్మీదేవిగారు నీ ఉత్తరానికి మేడమ్ దగ్గర ఏం చెప్పాలో తెలియక, "వాళ్ళింట్లో అందరూ బాగుండారు మేడమ్" అని చెప్పారట. చెబుతూ ఏడ్చారట.

కొన్నాళ్ళు ఉత్తరాలు రాయకు అమ్మా. వస్తే చదవాలి, చదివితే జవాబు రాయాలి. నేనింక ఏమీ రాయలేను, కథలు కూడా.

దోమల క్రీము రాసుకుంటున్నాను.

హరిణి


హూడి
31 ఆగస్టు 2025, ఆదివారం

హరిణీ,

రాయొద్దన్నావు. ఇది ఒక్కటి రాసి ఆపేస్తాను. జవాబు ఇవ్వక్కర్లేదు.

మంగళవారం జిగణి వెళ్ళాను. రెండు బస్సులు మారాను. షెడ్డు పెద్ద రోడ్డు మీద కాదు, లోపలికి నడవాలి. ఫయాజ్ బయట అట్టపెట్టెలకు టేపు వేస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. సన్నబడ్డాడు. వాళ్ళ మామ లోపలి నుంచి కుర్చీ పంపాడు.

స్కూల్లో సీటుంది, ముప్పయ్యో తేదీ దాకా టైముందని చెప్పాను. "వద్దాంటీ. ఇక్కడ సెట్ అయిపోయినా" అన్నాడు. నేనేదో అడగాలి కనుక, అంత దూరం కూరగాయలకూ వాటికీ ఎలా వెళతావని అడిగాను. అడిగాక నాలిక కరుచుకున్నాను.

"ఇప్పుడు బండి వచ్చు ఆంటీ. మామ నేర్పించినాడు. డెలివరీలకు నేనే పోతా" అన్నాడు.

అందులో వెటకారం లేదు. నవ్వుతూనే అన్నాడు. పక్కనే బండి ఉంది, తాళంచెవి దానికే ఉంది. ఆ నవ్వు చూసి అక్కడ ఇంకొక్క నిమిషం కూర్చోలేకపోయాను. వచ్చేస్తుంటే "హరిణి ఇంకా కథలు రాస్తా ఉందా?" అని అడిగాడు. రాస్తోందని అబద్ధం చెప్పాను.

అక్కడి నుంచి ఆనేకల్ బస్సెక్కాను. మీ గేటు దాకా వచ్చాను. ఆదివారం కాదు కనుక వాచ్‌మన్ లోపలికి పంపలేదు. లక్ష్మీదేవిగారు చేతికి పిండితోనే బయటికొచ్చింది. "నువ్వేనా అమ్మా, ఆ లెక్కల అమ్మవి? పాపను పిలిచేదా?" అంది. వద్దన్నాను. పిలిస్తే నువ్వు రావలసి వస్తుంది, వస్తే ఏదో మాట్లాడవలసి వస్తుంది. దోమల క్రీము రెండు ఆమె చేతికిచ్చాను. బస్సు వచ్చేదాకా గేటు ఎదుట నిలబడ్డాను. మీ క్లాసులకు బెల్లు కొట్టడం వినిపించింది.

ముప్పయ్యో తేదీ నిన్నటితో అయిపోయింది.

బుధవారం వినాయక చవితి. స్కూళ్ళకు సెలవు, ఎవరి పిల్లలూ స్కూలు నుంచి రారు. అయినా ఐదింటికి పొయ్యి కట్టేసి వచ్చి తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నాను. ఐదు పది అయింది. ఆరు పది అయింది. తేదీ వేసి పుస్తకం తెరిచిపెట్టుకున్నాను. నీ వరసలో ఏం రాయాలో తెలియలేదు. చీకటి పడ్డాక దీపం పెట్టడానికి లేచాను. ఆ గడి అలాగే ఖాళీగా ఉంది.

అమ్మ